పారేసిన లిబరేటర్ బాంబర్లను మనవాళ్లే బాగుచేసి ఎగరేశారంట, నిజమేనా?

రవి, అనంతపురం:
మా జేజినాయన బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో ఫిట్టరు. బ్రిటిష్‌వాళ్లు పోతూ పోతూ ఇంజిన్లలో ఇసుక పోసి పారేసిన బాంబర్లను తమ ఫ్యాక్టరీలోనే బాగుచేశారని చెప్పేవాడు. గుత్తిలో ఉండే మా మామ అవన్నీ కోతలంటాడు. ఆ అమెరికా విమానానికి రెండో ప్రపంచ యుద్ధంలోనే చెడ్డపేరు కదా, పగలగొట్టినవాటిని ఎట్లా నమ్మి ఎక్కారు?

శీను, కడప:
ఇసుక పోసిన ఇంజిన్ ఎగరడమా! వాట్సాప్ కథ అన్నా.

రిటైర్డ్ ఫిట్టర్, కర్నూలు:
కథ కాదు అబ్బీ. పూనాలో మన ఎయిర్‌ఫోర్స్ 6వ స్క్వాడ్రన్‌లో ఆ లిబరేటర్ల కిందే నేను నడుం వంచింది. అవి అమెరికా బ్రిటన్‌కు అరువు ఒప్పందం మీద ఇచ్చిన విమానాలు. యుద్ధం అయ్యాక తిరిగివ్వాలి, లేదంటే పనికిరాకుండా చేయాలి. అందుకే కాన్పూరులో మీటర్లు పగలగొట్టి, రేకు చీల్చి, ఇసుక పోసి వదిలేశారు. 1948లో హెచ్‌ఏఎల్ వాటిలోంచి 40 దాకా లేపింది. ఎగరడానికి సరిపడా అతుకులు వేస్తే, టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ ఒక్కొక్కటే బెంగళూరుకు తోలుకొచ్చాడు. మ్యాపులో స్కేలు పెట్టి చూడు, కాన్పూరు-బెంగళూరు గీత మన కర్నూలు పక్కనే పోతుంది.

అట్లాగని మాయామంత్రం అనుకోవద్దు. యుద్ధకాలంలో అదే ఫ్యాక్టరీ అమెరికావాళ్ల రిపేరు డిపో. లిబరేటర్లు అక్కడివాళ్లకు కొత్తేం కాదు. ఇంజిన్ కూడా డకోటా రవాణా విమానానికి ఉండే ట్విన్ వాస్ప్ కుటుంబమే.

చెడ్డపేరు మాత్రం నిజం. బాంబులుండే అరలో నడవడానికి జానెడు వెడల్పు పట్టీ ఒక్కటే. కింద తలుపులు అంగడి షట్టర్ లాగా పక్కలకు చుట్టుకుని పైకి పోతాయి. పలుచటి రేకు, కాలు జారి పడితే మనిషి బరువుకే ఊడిపోతుంది. నేలమీద నిలబెట్టిన విమానంలోనే ఆ పట్టీ మీద చేతులు చాపి నడిచేవాణ్ణి. దానికి తోడు పెట్రోలు లీకులు. ఆవిరి పోవడానికని యుద్ధంలో సిబ్బంది ఆ తలుపులు కాస్త తెరిచిపెట్టే ఎగిరేవాళ్లు. ముందు చక్రం కాలు కూడా నాజూకే.

రవి:
సార్, అట్లాంటిదాన్ని 18 వేలకు పైగా ఎందుకు చేశారు మరి?

రిటైర్డ్ ఫిట్టర్:
దూరం, నాయనా. డేవిస్ రెక్క అని పొడవుగా సన్నగా ఉంటుంది. దాంతో అట్లాంటిక్ నడిమధ్యకు పోయి జలాంతర్గాములను వేటాడేవి. అదే రెక్క మంచు పట్టినా, దెబ్బ తగిలినా తట్టుకోలేదు. అన్ని ప్రమాదాలూ దాని ఖాతాలో వేయడమూ తప్పే. 1944 ఆగస్టు 23న ఇంగ్లండులో ఫ్రెకిల్టన్ అనే ఊళ్లో లిబరేటర్ ఒకటి బడి మీద కూలింది. 38 మంది పిల్లలతో కలిపి 61 మంది పోయారు. ఆ పూట అక్కడ భయంకరమైన గాలివాన.

మన దగ్గర 1968 దాకా సముద్రం మీద గస్తీ తిరిగాయి.

శీను:
సరే పెద్దాయనా, ఒప్పుకున్నా. ఇప్పుడెక్కడైనా చూడొచ్చా?

రిటైర్డ్ ఫిట్టర్:
అమెరికాలో అరిజోనా పిమా మ్యూజియంలో ఉండేది మనమిచ్చిందే. బ్రిటిష్‌వాళ్ల ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉండేదీ మనదే, 1974లో ఇచ్చాం. వాళ్లు పగలగొట్టకుండా ఉంచుకున్నది ఒక్కటీ లేకపోయింది మరి!