అప్‌డేట్: అమ్మ వెన్నుపూసకు సిమెంట్ వేయించాం

అమ్మకు వెన్నుపూస నొక్కుకుపోయింది, సిమెంట్ ఇంజెక్షన్ వేయించాలా, బెల్టుతోనే నెట్టుకురావాలా అని అడిగాను కదా. చివరికి వేయించాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

విషయం తేల్చింది ఎంఆర్ఐ. ఎముక లోపల వాపు ఇంకా ఉంది, అంటే ఫ్రాక్చర్ తాజాదే అన్నారు. ఎప్పుడో అతుక్కుపోయిన దానికి సిమెంట్ వేసినా పెద్దగా లాభం ఉండదట. 2009 నాటి రెండు అధ్యయనాల్లో ఉత్తుత్తి ప్రొసీజర్‌కీ (సిమెంట్ వేయకుండా వేసినట్టు చేసేది) సిమెంట్ వేయడానికీ తేడా కనిపించలేదని మీలో ఒకరు రాశారు. అదే డాక్టర్‌ని అడిగేశాను. ఆయన విసుక్కోలేదు. నిజమే, కానీ 2016లో వచ్చిన మరో అధ్యయనంలో ఆరు వారాల లోపు ఫ్రాక్చర్లకు ఉపయోగం కనిపించిందన్నారు. మందులతో తగ్గుతుంటే తానే వద్దనేవారట. అమ్మకైతే ఒత్తిగిల్లడమే గగనమైపోయింది మరి.

బోర్లా పడుకోబెట్టి, మత్తిచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూదులు పూసలోకి దించారు. బెలూన్‌తో లోపల చోటు చేసి, టూత్‌పేస్ట్‌లా చిక్కబడ్డ సిమెంట్ ఎక్కించారు. వీపు మీద రెండు చిన్న ప్లాస్టర్లు, అంతే. మర్నాడు గోడ పట్టుకోకుండా బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు, పెయిన్ కిల్లర్లు మాత్రం బాగా తగ్గాయి.

కొంచెం సిమెంట్ పక్క డిస్క్‌లోకి కారింది. ఇబ్బందేం లేదన్నారు గానీ నాకు టెన్షనే.

డెక్సా స్కాన్‌లో ఎముక సాంద్రత బాగా తక్కువ వచ్చింది. దానికి మందు వాడకపోతే ఇంకో పూస విరగొచ్చట. విటమిన్ డి సరిచేశాక జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముకల మందు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. ముందు పళ్ల డాక్టర్‌కి చూపించుకు రమ్మన్నారు, ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాం.