ఒక్కరే నడిపే వ్యాపారానికి ‘సీఈవో’ ఎందుకు?

అచ్చుపని (తెనాలి):
ఇరవై రెండేళ్లుగా విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు, పెళ్లి పత్రికలు అచ్చు వేస్తున్నాను. మొదట్లో పేరుకు ముందు ‘ప్రొ.’ అని పెట్టమనేవారు. ప్రొప్రైటర్ అని చూసినవాళ్లందరికీ అర్థమయ్యేది. ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకున్నవారూ, ఇంట్లో కంప్యూటర్ మీద ఒంటరిగా పని చేసుకునేవారూ సీఈవో, ఎండీ, చైర్మన్ అని వేయమంటున్నారు.

పోయిన వారం ఒక కుర్రవాడు వచ్చాడు. ఏసీలు బాగు చేస్తాడు. చేతిలో పని ఉన్నవాడు, మా ప్రెస్‌లో ఏసీకి గ్యాస్ నింపింది అతనే. పేరు కింద ‘ఫౌండర్, సీఈవో’ అని పెద్దక్షరాల్లో కావాలన్నాడు. ఏసీ రిపేరు అన్న మాట ఎక్కడ వేయమంటావు అని అడిగితే, ‘కూలింగ్ సొల్యూషన్స్ అని ఉంది కదండీ, చాలదా?’ అన్నాడు. కార్డు మూడున్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. సగం చోటు హోదాకే పోతే పనికి చోటెక్కడ? మే నెలలో రాత్రిపూట ఏసీ ఆగిపోతే, సొరుగులోంచి ఆ కార్డు తీసిన ఇల్లాలికి ఇతనే ఆ పని చేస్తాడని ఎలా తెలుస్తుంది?

చేసే పని చెప్పని హోదా కార్డు మీద ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

రంగులడబ్బా (హైదరాబాద్):
నేను ఒప్పుకోను. ఆరేళ్లుగా సొంతంగా లోగోలు, ప్యాకెట్ల డిజైన్లు చేస్తున్నాను. ఉద్యోగులు లేరు. నా కార్డు మీద ‘క్రియేటివ్ డైరెక్టర్’ అని ఉంటుంది. ఎందుకు పెట్టుకున్నానో చెబుతాను.

మొదటి రెండేళ్లు ‘గ్రాఫిక్ డిజైనర్’ అనే ఉండేది. ఒక స్థిరాస్తి సంస్థ కార్యాలయానికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ముందుగదిలో కూర్చోబెట్టి, ‘మీ సార్ ఎప్పుడు వస్తారమ్మా?’ అని అడిగారు. నేనే వచ్చానండీ అన్నాను. కాసేపటికి ఇంకొకరు వచ్చి అదే ప్రశ్న అడిగారు. లోపలికి పిలిచాక యజమాని నా పని చూడనైనా చూడకుండా, ‘డీటీపీ వాళ్లు పేజీకి ఇంత తీసుకుంటారు, నువ్వెంత?’ అన్నారు. లోగోకి నేను మూడు వారాలు పని చేస్తాను. దానికి పేజీ లెక్క ఏమిటి?

హోదా మార్చాక నా ధర మారలేదు, పని మారలేదు. కానీ అడ్వాన్సు అడిగితే ఇవ్వడం మొదలుపెట్టారు. ‘సార్ ఎక్కడ’ అన్న ప్రశ్న ఆగింది. ఆ రెండు మాటలు నాకు కుర్చీ వేయించాయి. దాన్ని గొప్పలకు పోవడం అంటే నాకు బాధ కలుగుతుంది.

జమాఖర్చు (రాజమహేంద్రవరం):
ఇద్దరి మాటల్లోనూ ఒక విషయం కలిసిపోయింది, విడదీయాలి. కొన్ని హోదాలు కేవలం మాటలు. కొన్నింటికి చట్టంలో అర్థం ఉంది.

మేనేజింగ్ డైరెక్టర్ (ఎండీ), సీఈవో అనేవి కంపెనీల చట్టం, 2013లో నిర్వచనం ఉన్న పదవులు. డైరెక్టర్ కావాలంటే ముందు కంపెనీ ఉండాలి, ఆ మనిషికి డైరెక్టర్ గుర్తింపు సంఖ్య ఉండాలి. ఒక్కరే ఉన్నా ఫరవాలేదు, ఏకవ్యక్తి కంపెనీకి అదే చట్టం దారి తెరిచింది. సొంత దుకాణం సంగతి వేరు. అక్కడ దుకాణమూ యజమానీ చట్టం దృష్టిలో ఒకటే. దుకాణం చేసిన అప్పు నేరుగా యజమాని ఇంటి మీదికి వస్తుంది. బోర్డు మీద ఎండీ అని చూసి సరుకు అరువిచ్చినవాడు తాను ఒక కంపెనీతో లావాదేవీ చేస్తున్నానని అనుకుంటాడు. అక్కడ నష్టం మొదలవుతుంది.

నా దగ్గర లెక్కలు రాయించుకునే ఒకాయన ‘మేనేజింగ్ డైరెక్టర్’ అని రబ్బరు స్టాంపు చేయించుకున్నారు. జీఎస్టీ ధ్రువపత్రంలో ప్రొప్రైటర్ అని ఉంది. చిన్న వ్యాపారాల కోసం 2020 జులైలో మొదలైన ‘ఉద్యమ్’ నమోదులోనూ అంతే. ఒక కార్యాలయానికి కొటేషన్ పంపితే, సంతకం పెట్టింది ఎవరు, ఏ హోదాలో అని కాగితాలు వెనక్కి పంపారు. కొత్త స్టాంపు చేయించి మళ్లీ పంపేసరికి నెల గడిచింది.

కొన్ని మాటలకైతే చట్టం కాపలా ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో సభ్యత్వం లేనివారు తమను చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ) అని చెప్పుకోవడం 1949 చట్టం ప్రకారం నేరం. ఆర్కిటెక్ట్ అన్న పేరు 1972 చట్టం కింద నమోదైనవారిదే. ఆ చట్టం కాపాడేది పేరునే తప్ప, డిజైన్ పని ఇంకెవరూ చేయకూడదని కాదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. నన్ను ఊళ్లో అందరూ ‘ఆడిటర్ గారూ’ అని పిలుస్తారు. నేను సీఏను కాను. ఎవరు అలా పిలిచినా, పన్నుల సలహాదారునండీ అని అక్కడికక్కడే దిద్దుతాను. నా బోర్డు మీదా అదే ఉంది.

రంగులడబ్బా గారి ‘క్రియేటివ్ డైరెక్టర్’ ఈ లెక్కలోకి రాదు. అది ప్రకటనల రంగంలో పని పేరు, ఎవరూ దాన్ని చూసి కంపెనీ బోర్డు సభ్యురాలు అనుకోరు.

కొత్తకొట్టు (కరీంనగర్):
అచ్చుపని గారూ, మీకు ‘ప్రొ.’ చాలు అనిపిస్తోంది. మా నాన్న ముప్పై ఏళ్లు బస్తాలు మోశారు. తనకంటే చిన్నవాళ్లు కూడా ‘ఒరేయ్’ అని పిలిచేవారు. మా వైపు దొర, పటేల్, పట్వారీ అంటే ఊరంతా లేచి నిలబడేది. ఆ మాటలకు అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. ఇప్పుడు నేను గానుగ నూనె తీసి అమ్ముతున్నాను. సీసా మీద ‘ఫౌండర్’ అని నా పేరు వేయించాను. మొదటి సీసా చేతికి రాగానే మా నాన్న లేబుల్‌ను బొటనవేలితో రెండు మూడు సార్లు తడిమి చూశారు. ఆయనకు చదువు రాదు. ‘ఏది నీ పేరు?’ అని అడిగారు, చూపించాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కొట్టు పెట్టింది నేనే.

అచ్చుపని (తెనాలి):
కొత్తకొట్టు గారూ, మీ నాన్నగారి మాట చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. ‘ఫౌండర్’ విషయంలో మీదే న్యాయం. స్థాపించినవాడు స్థాపించానని చెప్పుకుంటే తప్పేమీ లేదు.

అయినా ఒక మాట. మనకు ‘మేస్త్రీ’ ఉంది. పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చి మన మాట అయిపోయింది. దర్జీని ‘మాస్టరు’ అంటాం. ఇవి ఎవరూ తమకు తాము తగిలించుకున్నవి కావు. పదేళ్లు తాపీ పట్టి, నాలుగు శ్లాబులు నిలబెట్టాక పక్కవాళ్లు ఇచ్చిన పేర్లు. పిలుపు పనిలోంచి రావాలన్నదే నా బాధ.

రంగులడబ్బా (హైదరాబాద్):
అదే కట్టడం దగ్గర ఇరవై ఏళ్లు ఇటుకలు, సిమెంటు తట్టలు మోసిన ఆడవాళ్లను మేస్త్రీ అని ఎవరైనా పిలవడం విన్నారా? చివరిదాకా కూలీలే. గోడ వంకర వాళ్ల కంటికీ తెలుస్తుంది. పక్కవాళ్లు ఇచ్చే పేరు అందరికీ దొరకదండీ. దొరకనివాళ్లు రాసుకోవాల్సిందే.

అచ్చుపని (తెనాలి):
నేను వినలేదు. అలా ఆలోచించనూ లేదు.

ఏసీ కుర్రవాడు నిన్న మళ్లీ వచ్చాడు. ప్రూఫు ఇద్దరం కలిసి చూశాం. ‘ఏసీ, ఫ్రిజ్ రిపేరు’ అని పైన పెద్దగా, పక్కనే ఫోను నంబరు. పేరు కింద ‘ఫౌండర్’ ఉంచాను. సీఈవో తీసేద్దామంటే కాసేపు ఆలోచించి సరే అన్నాడు. ఐదువందల కార్డులు రేపు ఇస్తాను. రబ్బరు స్టాంపుల దగ్గర మాత్రం జమాఖర్చు గారి మాటే పాటిస్తాను. ఎండీ అని చేయమని వచ్చేవారిని కంపెనీ నమోదు పత్రం చూపించమంటాను. లేదంటే ప్రొప్రైటర్ అనే చేసిస్తాను.