జుహూలోని పృథ్వీ థియేటర్‌ను కట్టించింది ఎవరు?

ప్రశ్న – తెనాలి నాటకాభిమాని
నమస్కారం. వచ్చే నెల ముంబయి వెళ్తున్నాను, పృథ్వీ థియేటర్‌లో ఒక నాటకం చూసి రావాలని ఉంది. దాన్ని పృథ్వీరాజ్ కపూర్ 1944లో కట్టించారని మా పరిషత్తు మిత్రులొకరు చెబుతున్నారు, 1978లో ప్రారంభమైందని మరొకరు అంటున్నారు. ఎవరి మాట సరైనది? సుమారు 200 సీట్ల హాలు, కల్యాణ మండపంగానో దుకాణ సముదాయంగానో మారిపోకుండా ఇన్నేళ్లు నాటకానికే ఎలా నిలిచిందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – అంధేరి వాసి
ఇద్దరి మాటలోనూ నిజం ఉందండి. 1944లో పృథ్వీరాజ్ గారు స్థాపించింది నాటక సమాజాన్ని, హాలును కాదు. 'దీవార్', 'పఠాన్' వంటి నాటకాలతో ఆ సమాజం దేశమంతా తిరిగి 16 ఏళ్లలో 2,662 ప్రదర్శనలిచ్చింది. ఆట ముగిశాక ఆయనే గుమ్మం దగ్గర తల వంచుకొని, జోలె పట్టి నిలబడి సహాయ నిధులకు చందాలు అడిగేవారు. ఆరోగ్యం దెబ్బతిని 1960లో సమాజాన్ని మూసివేశారు. సొంత రంగస్థలం కోసం 1962లో జుహూలో స్థలం లీజుకు తీసుకున్నా, 1972లో కన్నుమూసేనాటికి ఆ కోరిక తీరలేదు. కుమారుడు శశికపూర్, కోడలు జెన్నిఫర్ ఆ స్థలాన్ని కొని, ఆయన పేరిట ట్రస్టు ఏర్పాటు చేసి, వేద్ సేగన్ అనే ఆర్కిటెక్టు చేత హాలు కట్టించారు. 1978 నవంబరు 5న గో.పు. దేశ్‌పాండే నాటకం 'ఉధ్వస్త ధర్మశాల'తో అది మొదలైంది. నసీరుద్దీన్ షా, ఓంపురి అందులో నటించారు. జెన్నిఫర్ తండ్రి జెఫ్రీ కెండాల్ కూడా షేక్‌స్పియర్ నాటకాలతో ఊరూరా తిరిగిన సమాజాన్ని నడిపినవారే కాబట్టి, సొంత గూడు లేని నటుల అవస్థ ఆ దంపతులిద్దరికీ అనుభవంలో ఉన్నదే.

జవాబు – లైటింగ్ పనివాడు
ఇన్నేళ్లు నిలవడానికి ట్రస్టు ఎంత కారణమో ఆ హాలు నిర్మాణమూ అంతే కారణమని నా నమ్మకం. వేదిక ప్రేక్షకుల్లోకి చొచ్చుకొని వస్తుంది, మూడు వైపులా సీట్లు మెట్లు మెట్లుగా లేస్తాయి. మన పరిషత్తు వేదికల మీద మైకు కింద నిలబడి చెప్పే మాటను అక్కడ గొంతు తగ్గించి చెప్పినా చివరి వరుసకు చేరుతుంది. నటుడి చేతి వణుకు సైతం కనబడుతుంది. హాలు చిన్నది కావడం వల్ల కొత్త బృందాలకు ఖాళీ సీట్ల భయమూ తక్కువే. 1984లో జెన్నిఫర్ మరణించాక, ఆవిడ పుట్టినరోజైన ఫిబ్రవరి 28న జాకిర్ హుసేన్ గారు అక్కడ తబలా వాయించే ఆనవాయితీ ఉండేది, 2024లో ఆయన కూడా కన్నుమూశారు. అంతటి విద్వాంసుణ్ణి అంత దగ్గరగా కూర్చొని వినే భాగ్యం ఎన్ని హాళ్లలో దొరికేది!

జవాబు – అంధేరి వాసి
ఒక్క మాట చెప్పడం మరిచాను. టికెట్ మీద సీటు నంబరు ఉండదు, ముందు వచ్చినవారు కోరుకున్న చోట కూర్చుంటారు. నాటకం మొదలవుతోందని తెలిపే మూడో గంట మోగాక ఎంతటివారినైనా లోపలికి పంపరు, కాబట్టి ట్రాఫిక్‌ను నమ్ముకోకుండా గంట ముందే చేరుకోండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. డేరాలు వేసుకొని తిరిగిన మన సురభి వారిని చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, సొంత రంగస్థలం కోసం ఆ తండ్రి పడిన ఆరాటం నాకు బాగా అర్థమైంది. ఎదురుగా కాకుండా పక్క వరుసలో కూర్చొని చూస్తాను.