పై ఫ్లాట్‌లో పనికి పెట్టుకున్న పాప: ఎన్‌జీఓకి చెప్పాలా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కా?

ప్రశ్న:
బెంగళూరులో మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పై అంతస్తులో ఒక పాప పని చేస్తోంది, 11, 12 ఏళ్లుంటాయేమో. పొద్దున్నే ఆ ఇంటి బాబు స్కూలు బ్యాగు భుజాన వేసుకుని కిందికి వస్తుంది, బస్సు మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ నిలబడుతుంది. నిన్న లిఫ్టులో చేతులు చూశాను, వేళ్ల సందులు సబ్బుకి ఒరిసిపోయి ఎర్రగా ఉన్నాయి. తెలుగు పిల్లే, కన్నడం రాదు. ఇంటావిడని అడిగితే "మా బంధువుల అమ్మాయండీ, మేమే చదివిస్తున్నాం" అంది. పోలీసులొస్తే పాప బెదిరిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎన్‌జీఓ వాళ్లు వచ్చి నెమ్మదిగా తీసుకెళ్లరా? ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టనా?

జవాబు:
ఫొటో మాత్రం వద్దమ్మా. ఇలాంటి పిల్లల వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం కింద నేరం, పైగా గ్రూపులో పెట్టిన గంటలో పాపని ఊరికి పంపేస్తారు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడమే నేరం. బంధువులన్న మాటకి తగ్గొద్దు. బాలకార్మిక చట్టంలో కుటుంబమంటే అమ్మానాన్న, తోబుట్టువులు, మేనమామ, పిన్ని, బాబాయి లాంటి దగ్గరివాళ్లే, వాళ్లకి సాయం చేసినా బడి అయ్యాకో సెలవుల్లోనో చేయాలి. 1098కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు, అర్ధరాత్రైనా తీస్తారు. నీ పేరు ఆ ఇంటివాళ్లకి చెప్పొద్దని అడుగు.

ఇంకో జవాబు:
నేను ఇక్కడే ఒక సంస్థలో మూడేళ్లు వాలంటీరుగా చేశాను, అందుకే చెబుతున్నా. ఎన్‌జీఓ వాళ్లు సొంతంగా ఇంట్లోకి వెళ్లి పిల్లని తెచ్చేసే అధికారం లేదండి, పోలీసులతోనో కార్మిక శాఖ వాళ్లతోనో కలిసి వెళ్లాలి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. 1098 కూడా 1996లో ముంబైలో స్వచ్ఛందంగా మొదలైందే, 2023 నుంచి ప్రభుత్వం చూస్తోంది. అలాగని సంస్థల అవసరం తీరిపోలేదు. బెంగళూరులో బాస్కో 1980 నుంచి, అప్సా 1981 నుంచి పిల్లలతో పని చేస్తున్నాయి. పాపని బయటికి తేవడం ఒక్కపూట పని, అసలు కష్టం తర్వాతే. అప్పు తీర్చలేక పంపిన అమ్మానాన్నలతో మాట్లాడాలి, రావాల్సిన జీతం ఇప్పించాలి, రెండు మూడేళ్లు బడి మానేసిన పిల్లని వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి. మన శాంతా సిన్హా గారి సంస్థ ఎం.వి. ఫౌండేషన్, బడి మానేసిన పిల్లల్ని మళ్లీ తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపులు పెట్టింది ఇందుకే. ఆ పని జరగకపోతే ఆర్నెల్లలో ఆ పాపే ఇంకో ఇంట్లో అంట్లు తోముతూ కనిపిస్తుంది, నా కళ్లతో చూశాను, ఇప్పటికీ బాధేస్తుంది. అందుకని ముందు 1098, ఆ వెంటనే ఒక సంస్థకి కూడా చెప్పండి, కమిటీ దగ్గర కేసు వెంట తిరగడానికి మనిషి ఉంటారు. భాష సంగతి తప్పకుండా చెప్పండి, అడిగేవి అర్థంకాక పిల్లలు అన్నిటికీ తల ఊపేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే 1098కి చేశాను. వయసు, ఏ వేళల్లో కనిపిస్తుంది, దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగారు. చేతుల సంగతి చెప్పాను. తెలుగు వచ్చిన ఆడమనిషిని పంపమన్నాను, ఎవరూ దొరక్కపోతే నేనే వచ్చి పాప పక్కన కూర్చుంటానన్నాను.