ఈటన్‌లో ఇల్లు తీసుకుంటే బాబుకి ఈటన్ కాలేజీ అనే స్కూల్లో సీటొస్తుందా?

అందరికీ నమస్కారం. మావారికి ఇంగ్లండ్‌లో లండన్ దగ్గరి స్లౌలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల హైదరాబాద్ నుంచి వస్తున్నాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. దాని పక్క ఊరు ఈటన్‌లో ఒక ఫ్లాట్ నచ్చింది. అక్కడుంటే బాబుకి ఈటన్ కాలేజీలో సీటు సులువవుతుందా?

జవాబు:
అవ్వదమ్మా. ఆ ఊళ్లో ఉన్నంత మాత్రాన సీటివ్వరు. 1440లో ఆరో హెన్రీ రాజు 70 మంది పేద పిల్లలకి ఉచితంగా చదువు చెప్పించాలని పెట్టిన బడి అది. ఇప్పుడు ఫీజు వ్యాట్‌తో కలిపి ఏడాదికి 60 వేల పౌండ్లు దాటింది, రాజుగారు చూడలేదు కాబట్టి సరిపోయింది! పదమూడేళ్లు వచ్చిన మగపిల్లల్నే తీసుకుంటారు, అందరూ హాస్టల్లోనే ఉండాలి. ఇల్లు పక్క వీధిలో ఉన్నా సరే. ఫీజు కట్టలేనివాళ్లకి బర్సరీలు, అంటే ఆర్థిక సాయం, ఉన్నాయి. నిజంగా ఆలోచనుంటే ఇయర్ 5లో (తొమ్మిది, పదేళ్ల పిల్లల క్లాసు) జూన్ ఆఖరుకల్లా పేరు నమోదు చేయాలి, పరీక్షలు ఇయర్ 6లో మొదలవుతాయి.

మీరు తేల్చుకోవాల్సింది మామూలు బడి సంగతి. విండ్సర్, ఈటన్ వైపు ప్రభుత్వ బళ్లు మూడంచెలు: ఇయర్ 4 వరకు ఫస్ట్ స్కూల్, 8 వరకు మిడిల్, ఆపైన అప్పర్. స్లౌలో ఇయర్ 6 దాకా ప్రైమరీ, తర్వాత సెకండరీ. ఊళ్లు పక్కపక్కనే, కౌన్సిళ్లు మాత్రం వేరు. మీ బాబు పుట్టిన నెలను బట్టి ఇయర్ 4లోనో 5లోనో పడతాడు. ఈటన్‌లో ఉంటే వెంటనే బడి మారాల్సి రావచ్చు. స్లౌలో నాలుగు గ్రామర్ స్కూళ్లున్నాయి, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ సెకండరీ బళ్లు. ఫీజు లేదు, లెవెన్ ప్లస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇక్కడ మనవాళ్ల టెన్షనంతా దాని గురించే. అడ్రస్ ఖాయమయ్యాక ఆ కౌన్సిల్‌కే అప్లై చేయండి.

ఇంకో జవాబు:
అక్క చెప్పింది నిజమే గానీ, గ్రామర్ కోసం స్లౌలోనే ఉండక్కర్లేదు, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలూ రాస్తారు. దూరం నిబంధనలు ఒక్కో స్కూలుకి ఒక్కోలా ఉంటాయి, చదువుకోండి. మీవారి ఆఫీసుకైతే ఈటన్ బాగానే ఉంటుంది. థేమ్స్ మీద పాత వంతెనపైకి 1970 నుంచి కార్లు రానివ్వరు, నడిచి దాటితే విండ్సర్ స్టేషన్, అక్కణ్ణుంచి రైల్లో ఆరేడు నిమిషాల్లో స్లౌ. ఫ్లాట్ గ్రౌండ్ ఫ్లోరైతే మాత్రం అడ్వాన్సు కట్టకముందే వరద ముప్పు చూసుకోండి. జూబ్లీ రివర్ అని వరద కాలువ తవ్వారు, అయినా నది పక్క ఊరే కదా. హీత్రూ విమానాలు నెత్తిమీదుగానే పోతాయి. కిటికీ తెరిచి ఓ పావుగంట కూర్చుని చూడండి.