ట్రైనింగ్ అయిపోయాక కూడా పని మళ్ళీ మామూలే, ప్లాన్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. వచ్చే ఏడాదికి ఉద్యోగుల ట్రైనింగ్ ప్లాన్ తయారుచేసే పని నాకు అప్పగించారు. ఇప్పటిదాకా జరుగుతున్నదేంటంటే, బయటినుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించి అందరినీ రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తారు, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇస్తారు, దాదాపు అందరూ 'చాలా బాగుంది' అనే రాస్తారు. కొన్ని వారాలు గడిచేసరికి పని ఎప్పటిలాగే. కస్టమర్ సపోర్ట్ టీమ్ మీదైతే ఫిర్యాదులు తగ్గడమే లేదు. టికెట్‌ని (అంటే కస్టమర్ ఫిర్యాదు నమోదుని) తప్పు విభాగానికి పంపేస్తారు, సగం జవాబు ఇచ్చి క్లోజ్ చేసేస్తారు, కస్టమర్ మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఈసారి మేనేజర్లందరినీ 'మీ టీమ్‌కి ఏ ట్రైనింగ్ కావాలి' అని అడిగాను. కమ్యూనికేషన్ స్కిల్స్, టైమ్ మేనేజ్‌మెంట్, లీడర్‌షిప్ అని లిస్టు ఇచ్చారు. దాన్ని పట్టుకుని క్యాలెండర్ వేసేయమంటారా? నాకైతే మళ్ళీ అదే కథ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

ఆ లిస్టు పక్కన పెట్టేయండి. ఏ ట్రైనింగ్ కావాలని అడిగితే ఎవరైనా కోర్సుల పేర్లే చెప్తారు. అడగాల్సింది పనిలో ఏ చోట ఏం తప్పు జరుగుతోంది, అది సరిగ్గా జరిగితే ఎలా ఉంటుంది అని. మీ సపోర్ట్ టీమ్ సంగతే తీసుకోండి. మళ్ళీ తెరవాల్సి వచ్చిన టికెట్లు కొన్ని బయటికి తీసి చదవండి, పని చేస్తున్నవాళ్ళ పక్కన ఒక పూట కూర్చుని చూడండి. బాగా చేసేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు కదా, వాళ్ళు వేరేగా ఏం చేస్తున్నారో కూడా చూడండి.

ట్రైనింగ్ రంగంలో పెద్దాయన రాబర్ట్ మేగర్ ఒక పరీక్ష చెప్పేవారు: ప్రాణం మీదికొస్తే ఆ మనిషి ఆ పని చేయగలడా? చేయగలడు అంటే లోటు నైపుణ్యంలో లేదు, కారణం ఇంకెక్కడో ఉంది. రోజుకి ఇన్ని టికెట్లు మూయాలి అని టార్గెట్ పెట్టి, ఎన్ని మూశారన్నదే లెక్కేస్తుంటే, సగం జవాబిచ్చి మూసేయక ఏం చేస్తారు? అక్కడ కమ్యూనికేషన్ క్లాసు ఎన్నిసార్లు పెట్టినా ఒరిగేదేం లేదు, మార్చాల్సింది ఆ టార్గెట్. అలాగే టికెట్ తప్పు విభాగానికి పోతోందంటే, స్క్రీన్ మీద విభాగాల పేర్లు ఒకేలా ఉన్నాయేమో చూడండి, పేర్లు మారిస్తే చాలా వరకు తగ్గిపోవచ్చు. ఇవన్నీ తీసేశాక మిగిలిన దానికే ట్రైనింగ్.

జవాబు 2

పైన చెప్పినదాంతో ఏకీభవిస్తాను, కానీ లిస్టుని అలా పక్కన పెట్టేస్తే మేనేజర్లు దూరమైపోతారు, వాళ్ళు లేకపోతే ఏ ట్రైనింగూ నిలబడదు. వాళ్ళిచ్చిన మాటనే పట్టుకుని, 'టైమ్ మేనేజ్‌మెంట్ అన్నారు కదండీ, ఈమధ్య దేనికి ఆలస్యమైంది' అని అడగండి, అసలు సమస్య వాళ్ళ నోటే వస్తుంది.

నేను చెప్పాలనుకున్నది క్లాసు గురించి. రెండు రోజులు ఏకబిగిన చెప్పిందంతా గుర్తుండాలనుకోవడం అన్యాయం. మనం నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుంది, ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయాన్ని 1885లోనే తనమీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. దీనికి మందు కూడా అందరికీ తెలిసిందే, కొంచెం కొంచెం నేర్పి మధ్యలో విరామమిచ్చి మళ్ళీ అడగడం. అడగడం అంటున్నాను, మళ్ళీ చెప్పడం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్ళీ చదివారు, కొందరు గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు, వారం తర్వాత చూస్తే గుర్తుచేసుకుని రాసినవాళ్ళు ముందున్నారు. మీ ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఎందుకు మోసం చేస్తున్నాయో ఇందులోనే ఉంది, క్లాసు అవగానే అందరికీ అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది.

అందుకే ఆ రెండు రోజుల్ని ముక్కలు చేయండి. గంటో గంటన్నరో చొప్పున కొన్ని వారాల పాటు, ప్రతిసారీ మీ దగ్గరి పాత టికెట్లే ఇచ్చి (కస్టమర్ వివరాలు తీసేసి) 'దీన్ని ఎక్కడికి పంపుతారు, ఏం రాస్తారు' అని చేయించండి. అరుదుగా వచ్చే కేసుల్ని బట్టీ పట్టించొద్దు, వాటికి ఒక పేజీ చెక్‌లిస్ట్ రాసి డెస్క్ దగ్గర పెడితే సరిపోతుంది. ఇంకొకటి, ఎవరైనా వచ్చి 'చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు' అని జనాన్ని విడదీసి ప్యాకేజీ అమ్మబోతే కొనకండి. అలా విడదీసి నేర్పితే ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని 2008లో పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తేల్చింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. మూసిన టికెట్ల సంఖ్యే మా దగ్గర టార్గెట్, నేను ఆ వైపు నుంచి ఆలోచించనే లేదు. ఒక్క చిక్కు. మేనేజ్‌మెంట్‌కి ఏడాది చివర్లో ఎన్ని గంటల ట్రైనింగ్ ఇచ్చాం, ఎంతమంది హాజరయ్యారు అనే రిపోర్టే కావాలి. అది కాకుండా ఏం చూపించాలి?

జవాబు 3

గంటల లెక్క అడిగితే ఇవ్వండి, పోయేదేం లేదు, కానీ దాని పక్కనే ఇంకో లెక్క పెట్టండి. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959-60లో రాసిన వ్యాసాల్లో ట్రైనింగ్‌ని నాలుగు రకాలుగా కొలవాలన్నారు: వచ్చినవాళ్ళకి నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల సంస్థకి ఏం ఒరిగింది. చాలా కంపెనీలు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి, మీ ఫారాలూ అంతే. ప్లాన్ వేసేటప్పుడు మాత్రం చివరినుంచి వెనక్కి రావాలి. మళ్ళీ తెరిచే టికెట్లు తగ్గాలి, దానికి సపోర్ట్ వాళ్ళు క్లోజ్ చేసేముందు ఏం చేయాలి, అది చేయాలంటే వాళ్ళకి ఏం రావాలి, అప్పుడు క్లాసు. ఇలా రాసుకుంటే సగం స్లైడ్లు వాటంతటవే ఎగిరిపోతాయి.

ఇప్పుడే, ఏదీ మొదలుపెట్టకముందే, మళ్ళీ తెరిచిన టికెట్ల లెక్క రాసిపెట్టుకోండి. తర్వాత ఎంత తిరిగినా పాత లెక్క దొరకదు. వీలైతే ముందు ఒక షిఫ్టుకే ఇచ్చి, ఇంకో షిఫ్టుకి రెండు నెలలాగి ఇవ్వండి, తేడా దేనివల్ల వచ్చిందో కొంతైనా తెలుస్తుంది. టార్గెట్ కూడా అప్పుడే మారిస్తే మాత్రం రెండు షిఫ్టులకీ ఒకే రోజు మార్చండి, లేకపోతే ట్రైనింగ్ వల్ల వచ్చిన తేడా, టార్గెట్ వల్ల వచ్చిన తేడా కలిసిపోతాయి.

టీమ్ లీడర్లని మర్చిపోవద్దు. క్లాసులో నేర్చుకున్నది పనిలోకి రావాలంటే పైవాళ్ళ మద్దతు ఎంత అవసరమో బాల్డ్విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు 1988లోనే వివరంగా రాశారు. కొత్త పద్ధతిలో చేస్తే మొదట్లో పని నెమ్మదిస్తుంది, ఆ టైమ్‌లో లీడర్ 'అవన్నీ తర్వాత, ముందు టికెట్లు మూయండి' అన్నాడా, మీ ట్రైనింగ్ ఆ రోజుతో ఆఖరు. అందుకే లీడర్లకి ముందే చూపించండి, వారానికి ఇద్దరు ముగ్గురి టికెట్లు పక్కన కూర్చుని చూసే పని వాళ్ళకే అప్పగించండి, ఆ టైమ్‌ని వాళ్ళ పనివేళల్లోనే కేటాయించమని మేనేజ్‌మెంట్‌తో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. అందుకు వాళ్ళు ఒప్పుకోకపోతే ట్రైనర్‌ని ఇప్పుడే బుక్ చేయకండి.