నార్వేజియన్ భాషలో ‘తెలుసు’: వీటె, శెన్నె, కున్నె ఎక్కడెక్కడ వాడాలి?

ఉత్తరదీపం:
నార్వేజియన్ ఏ2 (ప్రాథమిక స్థాయి) పరీక్షకు చదువుతున్నాను. ‘తెలుసు’ అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘నో’ అన్న ఒక్క క్రియకు ఇక్కడ వీటె, శెన్నె, కున్నె అని మూడు క్రియలున్నాయి. ఏది ఎక్కడ వాడాలో మీకు ఎలా పట్టుబడిందో దయచేసి తెలియజేయండి.

గోదావరిగట్టు:
ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగు నుంచి నేరుగా వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. రైలు ఎన్నింటికి బయలుదేరుతుందో, ఫలానా వీధి ఎక్కడుందో తెలిసి ఉండడం వీటె. దీని వర్తమాన రూపం వేట్. మనిషినో ఊరినో ఎరిగి ఉండడం శెన్నె. నేర్చుకున్న విద్య వచ్చి ఉండడం కున్నె. దీని వర్తమాన రూపం కన్. ‘నాకు తెలుగు వచ్చు’ అన్నప్పుడు మాట్లాడడం అనే మాట మనకు ఎలా అక్కరలేదో, ‘యై కన్ నోర్ష్క్’ (నాకు నార్వేజియన్ వచ్చు) అన్నప్పుడు వారికీ అలాగే అక్కరలేదు. ఈత వచ్చినా, పాట కంఠతా వచ్చినా కన్ అనే అంటారు. అంతేకాదు, ‘వెళ్ళవచ్చా?’ అని అనుమతి అడిగేటప్పుడూ, ‘వాన పడవచ్చు’ అని ఊహించేటప్పుడూ మనకు ‘వచ్చు’ ఎలా పనికివస్తుందో, వారికి కన్ అలాగే పనికివస్తుంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన రెండు భాషలు ఇంత దగ్గరగా నడవడం నాకు ఎంతో ఆనందం కలిగించింది.

కరీంనగర్ చదువరి:
గోదావరిగట్టు గారి మాట నిజమే కానీ, ఒకచోట జాగ్రత్త అవసరం. ‘ఆయన నాకు తెలుసు’ అని మనుషుల విషయంలో కూడా తెలుసు అనే అంటాం. మా వైపు ‘నాకెరుక’ అన్నది విషయానికీ మనిషికీ కూడా చెల్లుతుంది. కాబట్టి తెలుగును మాటకు మాటగా మార్చకుండా, ఆ వాక్యంలో ‘పరిచయం’ అన్న మాట ఇముడుతుందో లేదో చూడండి. ఇమిడితే అక్కడ శెన్నె వాడాలి. శరీరానికి తెలిసే నొప్పికి కూడా శెన్నె వాడతారు కనుక, వైద్యుని దగ్గర ఈ క్రియ వినబడితే పరిచయాల గురించి అడుగుతున్నారని అనుకోకండి.

బెర్గెన్ బాటసారి:
ఉచ్చారణ కూడా చూసుకోండి. శెన్నెలో మొదటి ధ్వని మన తాలవ్య ‘శ’కు దగ్గరగా ఉంటుంది. దానిని ‘ష’గా పలికితే షెన్నె అవుతుంది, దానికి మందలించడం అని అర్థం. ఇప్పటి యువతలో చాలామంది రెండింటినీ ఒకేలా పలుకుతున్నారు గానీ, నేర్చుకునేవారు తేడా పాటించడమే మంచిది.

పాతపుటలు:
ఈ విభజన ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఉండేది. వీటెకు బంధువైన ‘విట్’ అన్న పాత క్రియ దాదాపు మరుగున పడింది. శెన్నెకు బంధువైన ‘కెన్’ స్కాట్లాండులో నేటికీ వినిపిస్తుంది. కున్నెకు బంధువు ‘క్యాన్ ఐ?’ అని అడిగేటప్పుడు వాడే ‘క్యాన్’ అన్న క్రియే.

ఉత్తరదీపం:
అందరికీ కృతజ్ఞతలు. మరి ‘ఆ సంగతి నిన్ననే తెలిసింది’, ‘ఆయనతో ఈమధ్యే పరిచయమైంది’ అని ఎలా చెప్పాలి?

గోదావరిగట్టు:
మొదటిదానికి ‘ఫో వీటె’, రెండవదానికి ‘బ్లీ శెంట్ మే’ అన్న పదబంధాలు వాడాలి. ఇవి భూతకాలంలో ‘ఫిక్ వీటె’, ‘బ్లే శెంట్ మే’ అవుతాయి.